పైథాన్ ప్రోగ్రామ్‌కి ఆర్డుయినో బోర్డు కలపడం: ఉష్ణోగ్రత చదవడం నుంచి బల్బు నడపడం దాకా

"సెన్సర్ రీడింగ్ సీరియల్ మానిటర్‌లో కనిపిస్తోంది, నా ప్రోగ్రామ్‌లోకి ఎలా తెచ్చుకోవాలి? అక్కడి నుంచి రిలే ఎలా ఆన్ చేయాలి? రెండు గంటలు బాగానే నడిచి తర్వాత ఎందుకు ఆగిపోతోంది?" ఆర్డుయినో బోర్డు కొన్న చాలామంది అడిగేవి ఈ మూడే. (సీరియల్ మానిటర్ అంటే బోర్డు పంపే అక్షరాల్ని కంప్యూటర్‌లో చూపించే కిటికీ. రిలే అంటే బోర్డు చెప్పినప్పుడు పెద్ద కరెంటును కలిపే, తెంచే స్విచ్.) మొదటి రెండూ ఒక పూటలో తేలిపోతాయి. అసలు పని మూడోదానితోనే ఉంది కాబట్టి ఇక్కడ ఎక్కువ చోటు దానికే ఇచ్చాను.

ఉదాహరణగా నాటుకోడి గుడ్లు పొదిగే చిన్న థర్మోకోల్ పెట్టెను తీసుకుందాం. లోపల ఒక ఫిలమెంట్ బల్బు, ఒక చిన్న ఫ్యాను. 21 రోజుల పాటు 37.5 డిగ్రీల దగ్గర నిలవాలి. బోర్డు ఉష్ణోగ్రత చూసి బల్బును నడుపుతుంది, కంప్యూటర్ ప్రతి రీడింగ్‌నీ రాసిపెడుతుంది. ఇది చేయగలిగితే నీటి మోటారైనా, ల్యాబ్‌లో వాటర్ బాత్ అయినా ఇదే పద్ధతిలో చేసుకోవచ్చు.

## 1. ముందు తేల్చుకోండి: నిర్ణయం ఎవరిది?

వైరు ముట్టుకునే ముందే ఇది కాగితం మీద రాసుకోవాలి. బల్బు వెలిగించాలా ఆర్పాలా అన్నది కంప్యూటర్ చెబుతుందా, బోర్డే చూసుకుంటుందా?

కొత్తవాళ్లు దాదాపు అందరూ కంప్యూటర్‌కే అప్పగిస్తారు, పైథాన్‌లో రాయడం తేలిక కాబట్టి. కానీ ల్యాప్‌టాప్ స్లీప్‌లోకి వెళ్తుంది, అప్‌డేట్ వచ్చి రీస్టార్ట్ అవుతుంది, ఎవరో కేబుల్ పీకేస్తారు. ఆ క్షణంలో బల్బు వెలుగుతూ ఉంటే అలాగే వెలుగుతూ ఉంటుంది. గంటలో గుడ్లు పాడైపోతాయి. హీటర్ పెద్దదైతే నిప్పు ప్రమాదం కూడా.

కాబట్టి ప్రమాదం ఉన్న నిర్ణయం బోర్డు మీదే ఉంచండి. కంప్యూటర్ పని మూడే: ఎంత ఉష్ణోగ్రత కావాలో చెప్పడం, ఎంత ఉందో అడగడం, వచ్చిన జవాబు రాసిపెట్టడం.

తర్వాత, కంప్యూటర్ మాట వినిపించడం మానేస్తే బోర్డు ఏం చేయాలి? దీనికి ఒకే జవాబు లేదు. నీటి మోటారైతే 10 సెకన్లు మాట రాకపోతే ఆపేయాలి. పొదిగే పెట్టె అయితే ఆపకూడదు, చివరిగా అందిన లక్ష్య ఉష్ణోగ్రతను పట్టుకుని తన పని తాను చేసుకుంటూ పోవాలి. అదే సెన్సర్ మాట రాకపోతే మాత్రం బల్బు వెంటనే ఆర్పాలి. మీ పనికి "సురక్షితం" అంటే ఏ స్థితో ముందే రాసుకోండి.

## 2. సామాను

హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో అన్నీ ఒకేచోట దొరుకుతాయి. మిగతా ఊళ్లవాళ్లు ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు.

☐ ఆర్డుయినో యూనో ఆర్3, లేదా దాని క్లోన్ (అదే డిజైన్‌తో వేరేవాళ్లు చేసిన బోర్డు)
☐ డేటా కూడా వెళ్లే యూఎస్‌బీ కేబుల్
☐ డీఎస్18బీ20 ఉష్ణోగ్రత సెన్సర్, స్టీల్ గొట్టంలో ఉండే వాటర్‌ప్రూఫ్ రకం
☐ 4.7 కిలో ఓమ్ రెసిస్టర్
☐ 5 వోల్టుల ఒక చానల్ రిలే మాడ్యూల్
☐ 9 వోల్టుల డీసీ అడాప్టర్
☐ బ్రెడ్‌బోర్డు, జంపర్ వైర్లు, మల్టీమీటర్
☐ 40 లేదా 60 వాట్ల ఫిలమెంట్ బల్బు, హోల్డర్ (ఎల్ఈడీ బల్బు పనికిరాదు, తగినంత వేడి ఇవ్వదు)
☐ కేఎస్‌డీ301 రకం థర్మోస్టాట్, మామూలుగా కలిసి ఉండి వేడెక్కితే తెగేది, 45 డిగ్రీల దగ్గరిది
☐ ఫ్యూజు, మూతపెట్టే ప్లాస్టిక్ జంక్షన్ బాక్స్

అడాప్టర్ ఎందుకంటే, బోర్డుకి కరెంటు కంప్యూటర్ నుంచే వస్తుంటే ల్యాప్‌టాప్ ఆఫ్ కాగానే బోర్డూ ఆగిపోతుంది. యూనోకి గుండ్రటి జాక్‌లో అడాప్టర్, యూఎస్‌బీ రెండూ ఒకేసారి పెట్టవచ్చు. ఏది వాడాలో బోర్డే ఎంచుకుంటుంది.

## 3. కంప్యూటర్ బోర్డును గుర్తుపట్టేలా చేయండి

బోర్డును మాత్రమే యూఎస్‌బీకి తగిలించండి. ఆర్డుయినో ఐడీఈ (బోర్డు ప్రోగ్రామ్ రాసి ఎక్కించే సాఫ్ట్‌వేర్)లో "బ్లింక్" ఉదాహరణ ఎక్కించి, బోర్డు మీద ఎల్ఈడీ మిణుకుమనే దాకా సెన్సర్ జోలికి వెళ్లకండి.

పోర్ట్ కనిపించకపోతే ముందు కేబుల్ మార్చండి. ఫోన్ చార్జింగ్‌కి వచ్చే చవక కేబుళ్లలో కొన్నింటిలో డేటా తీగలే ఉండవు.

విండోస్‌లో పోర్ట్ పేరు కామ్3, కామ్5 లాగా ఉంటుంది. చవక క్లోన్లలో యూఎస్‌బీని సీరియల్‌గా మార్చడానికి సాధారణంగా సీహెచ్340 చిప్ ఉంటుంది. విండోస్ దాన్ని గుర్తుపట్టకపోతే ఆ చిప్ డ్రైవర్ ఇన్‌స్టాల్ చేయాలి.

లినక్స్‌లో అసలు బోర్డు టీటీవై ఏసీఎం0 అనీ, సీహెచ్340 క్లోన్ టీటీవై యూఎస్‌బీ0 అనీ కనిపిస్తుంది. "పర్మిషన్ డినైడ్" వస్తే మీ యూజర్‌ని సీరియల్ పోర్టులు వాడే అనుమతి ఉన్న డయలౌట్ గ్రూపులో చేర్చి, లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వండి. ఉబుంటు 22.04లో క్లోన్ బోర్డు ఒక్క క్షణం కనిపించి మాయమైతే బీఆర్ఎల్‌టీటీవై అనే ప్రోగ్రామ్ దాన్ని లాక్కుంటున్నట్టే. అది బ్రెయిల్ పరికరాల కోసం ఉన్నది. మీ దగ్గర అవి లేకపోతే తీసేయవచ్చు.

## 4. సెన్సర్ కలపడం

డీఎస్18బీ20 నేరుగా అంకెల్లోనే ఉష్ణోగ్రత పంపుతుంది. అందుకే మొదటి ప్రాజెక్టుకి దీన్నే సిఫారసు చేస్తాను. ఎల్ఎం35 లాంటి అనలాగ్ సెన్సర్ అయితే యూనో 0 నుంచి 5 వోల్టుల్ని 1024 మెట్లుగా చదువుతుంది, అంటే మెట్టుకు దాదాపు 4.9 మిల్లీవోల్టులు. ఆ 5 వోల్టులు యూఎస్‌బీ నుంచి వస్తే 4.75 నుంచి 5.25 దాకా ఎంతైనా ఉండవచ్చు, రీడింగ్ కూడా దానితోపాటే మారుతుంది. ఎల్ఎం35 తప్పక వాడాల్సి వస్తే బోర్డు లోపలి 1.1 వోల్టుల రిఫరెన్స్ (కొలతకు ప్రమాణంగా తీసుకునే వోల్టేజి) పెట్టుకోండి.

వైర్లు కలిపే వరుస:

1. బోర్డు కరెంటు తీసేయండి.
2. నల్ల తీగ గ్రౌండ్‌కి, ఎర్ర తీగ 5 వోల్టులకి, పసుపు తీగ 2వ పిన్‌కి.
3. 4.7 కిలో ఓమ్ రెసిస్టర్ ఎర్ర తీగకీ పసుపు తీగకీ మధ్య పెట్టండి. ఇది లేకపోతే సెన్సర్ పలకదు.
4. కరెంటు ఇచ్చి వెంటనే స్టీల్ గొట్టాన్ని ముట్టుకోండి. కాలుతున్నట్టుంటే తీగలు తారుమారైనట్టే, వెంటనే పీకేయండి. అన్ని తయారీల్లో రంగులు ఒకేలా ఉండవు.

వన్‌వైర్, డల్లాస్ టెంపరేచర్ అనే రెండు లైబ్రరీలు ఎక్కించి, వాటి ఉదాహరణ ప్రోగ్రామ్‌తో రీడింగ్ చూడండి. రెండు అంకెలు గుర్తుపెట్టుకోండి. మైనస్ 127 వస్తే సెన్సర్ దొరకలేదని. సరిగ్గా 85 వస్తే సెన్సర్ అప్పుడే కరెంటు అందుకుంది, ఇంకా కొలవలేదని. ఈ రెండూ ఉష్ణోగ్రతలు కావు. వీటిని వడకట్టకపోతే మైనస్ 127 చూసి ప్రోగ్రామ్ "మరీ చల్లగా ఉంది" అనుకుని బల్బు వెలిగిస్తూనే ఉంటుంది. ఇన్ని గైడ్లలో ఈ ఒక్క ముక్క చెప్పకుండా వదిలేయడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

ఈ సెన్సర్ ఖచ్చితత్వం సగం డిగ్రీ అటూ ఇటూ. గుడ్లకు సగం డిగ్రీ కూడా ముఖ్యమే, కాబట్టి సరిచూసుకోవాలి. దంచిన మంచులో కాస్త నీళ్లు పోసి, సెన్సర్ ముంచి కదుపుతూ ఉంటే 0 దగ్గర నిలవాలి. మరిగే నీటితో చూసేటప్పుడు ఊరి ఎత్తు గుర్తుంచుకోండి. విశాఖలో నీళ్లు దాదాపు 100 దగ్గర మరిగితే, సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైన ఉన్న హైదరాబాద్‌లో 98 దగ్గరే మరుగుతాయి. మనకు కావాల్సింది 37.5 కాబట్టి అన్నిటికన్నా ఉపయోగపడేది జ్వరం చూసే డిజిటల్ థర్మామీటర్. రెండింటినీ ఒకే గోరువెచ్చని నీటి గిన్నెలో పెట్టి, తేడా ఎంతుందో రాసుకుని, ఆ తేడాను బోర్డు ప్రోగ్రామ్‌లో కలపండి.

## 5. రిలే: ముందు బల్బు లేకుండా

మాడ్యూల్‌కి 5 వోల్టులు, గ్రౌండ్, ఇన్‌పుట్ అని మూడు పిన్నులుంటాయి. ఇన్‌పుట్‌ను 7వ పిన్‌కి కలపండి. 0, 1 పిన్నులు వాడకండి, కంప్యూటర్‌తో మాట్లాడే దారి అవే. మాడ్యూల్ కాకుండా విడి రిలే కొని నేరుగా పిన్‌కి కలపడం కూడా వద్దు. రిలే కాయిల్ 70 మిల్లీ ఆంపియర్లకు పైగా లాగుతుంది, యూనో పిన్ గరిష్ఠ పరిమితే 40.

చవక మాడ్యూళ్లలో చాలావరకు తలకిందులుగా పనిచేస్తాయి: పిన్ "లో" (0 వోల్టులు) అయితే రిలే ఆన్, "హై" (5 వోల్టులు) అయితే ఆఫ్. ప్రోగ్రామ్ మొదట్లో పిన్‌ను ఔట్‌పుట్‌గా ప్రకటించగానే అది "లో"లోకి వెళ్లి రిలే ఒకసారి టక్కుమంటుంది. దానికి మందు: ముందు "హై" రాసి, ఆ తర్వాత ఔట్‌పుట్‌గా ప్రకటించండి.

ఈ దశలో 230 వోల్టులు ఎక్కడా ఉండకూడదు. రిలే టక్కుమనే శబ్దం, దాని మీది ఎల్ఈడీ చూసి మాత్రమే పరీక్షించండి.

## 6. 230 వోల్టుల వైపు

ఈ భాగం చేసిన అలవాటు లేకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. మొహమాటపడాల్సిన విషయం కాదు.

☐ ప్లగ్గు పీకి ఉంది (స్విచ్ ఆపడం చాలదు)
☐ రిలే తెంచేది ఫేజ్ తీగనే, న్యూట్రల్‌ని కాదు
☐ ఫేజ్ తీగ వరుస: ఫ్యూజు, థర్మోస్టాట్, రిలే "కామన్", రిలే "నార్మల్లీ ఓపెన్", బల్బు
☐ థర్మోస్టాట్ పెట్టె లోపల, బల్బుకు పైన ఉంది
☐ రిలే, కరెంటు కలిపిన చోట్లు అన్నీ మూసిన బాక్స్‌లో ఉన్నాయి
☐ యూఎస్‌బీ కేబుల్, సెన్సర్ తీగ కరెంటు తీగలకు దూరంగా ఉన్నాయి

"నార్మల్లీ ఓపెన్" అంటే రిలే ఆఫ్‌లో ఉన్నప్పుడు తెగి ఉండే కాంటాక్టు. అదే ఎందుకంటే బోర్డు చచ్చిపోయినా బల్బు ఆరిపోవాలి. థర్మోస్టాట్ ఎందుకంటే రిలే కాంటాక్టులు అతుక్కుపోతే ఏ ప్రోగ్రామూ బల్బును ఆర్పలేదు. ఆ చిన్న భాగాన్ని అనవసరమనుకుని వదిలేయకండి.

## 7. బోర్డు లోపలి ప్రోగ్రామ్

బోర్డు ప్రతి సెకనుకీ ఈ వరుసలో పని చేయాలి:

1. సెన్సర్‌ని కొలవమను. పూర్తి రిజల్యూషన్‌లో దీనికి 750 మిల్లీసెకన్లు పడుతుంది. ఆ సమయంలో "డిలే" పెట్టి కూర్చోకుండా, లైబ్రరీలో వేచి ఉండే పద్ధతిని ఆపేసి, తర్వాత వచ్చి రీడింగ్ తీసుకో.
2. రీడింగ్ 10 కంటే తక్కువైనా 50 కంటే ఎక్కువైనా చెల్లదు. మైనస్ 127, 85 రెండూ ఇక్కడే పోతాయి. వరుసగా మూడుసార్లు చెల్లకపోతే బల్బు ఆర్పు.
3. లక్ష్యం కంటే 0.2 తక్కువైతే వెలిగించు, 0.2 ఎక్కువైతే ఆర్పు. మధ్యలో ఉంటే ఉన్న స్థితి మార్చకు.
4. సీరియల్‌లో ఏమైనా అక్షరాలు వచ్చాయా చూడు. లైను పూర్తయితేనే అర్థం చేసుకో.

మూడో అంశంలోని ఆ చిన్న ఖాళీ లేకపోతే 37.5 దగ్గర రిలే నిమిషానికి ఎన్నోసార్లు కొట్టుకుంటుంది, త్వరగా అరిగిపోతుంది.

సమయాన్ని లెక్కించే మిల్లీసెకన్ల కౌంటర్ సుమారు 49.7 రోజులకు మళ్లీ సున్నా అవుతుంది. "ఇప్పటి సమయం మైనస్ పాత సమయం" అని తీసివేతతో, అన్‌సైన్డ్ లాంగ్ రకంలో పోలిస్తే ఏ ఇబ్బందీ రాదు.

వచ్చే అక్షరాల్ని "స్ట్రింగ్" రకంలో కాకుండా చిన్న క్యారెక్టర్ అరేలో దాచండి. యూనో మెమరీ 2 కిలోబైట్లే. రోజుల తరబడి నడిచేటప్పుడు స్ట్రింగులు దాన్ని ముక్కలు చేసేసి, ఒకరోజు బోర్డు కారణం లేకుండా బిగుసుకుపోతుంది.

లక్ష్య ఉష్ణోగ్రతను, కరెంటు పోయినా చెరగని మెమరీ అయిన ఈఈప్రామ్‌లో దాచండి. కరెంటు పోయి వస్తే అది గుర్తుండాలి. అయితే మారినప్పుడు మాత్రమే రాయండి, ఆ మెమరీ లక్షసార్లు రాయడానికే లెక్క కట్టి చేసినది.

## 8. ఇద్దరి మధ్య భాష

లైనుకి ఒక మాట, చివర న్యూలైన్. మూడు ఆదేశాలు చాలు, ఒక్కొక్కటీ ఒక ఇంగ్లిష్ అక్షరం:

- "ఆర్": రీడింగ్ చెప్పు
- "ఎస్", పక్కన అంకె: లక్ష్యం మార్చు. 30 నుంచి 39 లోపు కాకపోతే బోర్డు ఒప్పుకోకూడదు.
- "వీ": నీ పేరు, వెర్షన్ చెప్పు. కలిసింది మన బోర్డేనా అని తేల్చుకోవడానికి.

అడిగితేనే బోర్డు జవాబివ్వాలి. అడగకుండా కుమ్మరిస్తూ పోతే, కంప్యూటర్ ఆలస్యంగా చదివిన రోజున పాత రీడింగ్‌లు కొత్తవిగా కనిపిస్తాయి.

జవాబు ఇలా ఉండాలి:

418,37.44,1,38

మొదటిది వరుస సంఖ్య, తర్వాత ఉష్ణోగ్రత, బల్బు స్థితి, చివరిది చెక్‌సమ్. చెక్‌సమ్ అంటే చివరి కామాకు ముందున్న అక్షరాల ఆస్కీ విలువలన్నీ (కంప్యూటర్‌లో ఒక్కో అక్షరానికి ఉండే అంకెలు) కూడి 256తో భాగిస్తే వచ్చే శేషం. ఇక్కడ మొత్తం 550, శేషం 38. కంప్యూటర్ కూడా ఇదే లెక్క వేసి, సరిపోకపోతే ఆ లైను పారేయాలి.

వరుస సంఖ్య చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ చాలా పనికొస్తుంది. అది ఉన్నట్టుండి 1కి పడిపోతే బోర్డు రీసెట్ అయిందని రికార్డులోనే తెలిసిపోతుంది.

వేగం 9600 బాడ్ (సెకనుకు పంపే బిట్ల లెక్క) సరిపోతుంది. సెకనుకు 960 అక్షరాలు వెళ్తాయి, మన లైను పట్టుమని 20 అక్షరాలు లేదు.

## 9. పైథాన్ వైపు

పైథాన్ ప్యాకేజీలు ఎక్కించే పిప్‌తో "పైసీరియల్" (సీరియల్ పోర్ట్‌తో మాట్లాడే లైబ్రరీ) ఇన్‌స్టాల్ చేయండి. "సీరియల్" అనే పేరుతో ఉన్న ప్యాకేజీ వేరేది, అది పెడితే పని చేయదు. మీ ఫైలుకు కూడా "సీరియల్" అని పేరు పెట్టకండి. పైథాన్ లైబ్రరీకి బదులు మీ ఫైలునే తెరుస్తుంది.

వరుస:

1. పోర్ట్ తెరవండి, టైమౌట్ 2 సెకన్లు పెట్టండి. టైమౌట్ లేకపోతే జవాబు రానిరోజు ప్రోగ్రామ్ శాశ్వతంగా ఎదురుచూస్తూ ఉంటుంది.
2. 2 సెకన్లు ఆగండి. పోర్ట్ తెరవగానే యూనో రీసెట్ అవుతుంది, మొదటి ఆదేశాలు అందుకే పోతుంటాయి.
3. ఇన్‌పుట్ బఫర్ (వచ్చి ఇంకా చదవని అక్షరాలు ఆగే చోటు) ఖాళీ చేయండి.
4. "వీ" అడిగి పేరు సరిచూసుకోండి.
5. ప్రతి 10 సెకన్లకు "ఆర్" పంపి, ఒక లైను చదవండి. నాలుగు భాగాలున్నాయా, చెక్‌సమ్ సరిపోయిందా, అంకె నమ్మదగిందా చూడండి.
6. తేదీ, సమయం చేర్చి సీఎస్‌వీ ఫైలులో రాయండి, ప్రతి లైను తర్వాత ఫ్లష్ చేయండి (అంటే రాసినది వెంటనే ఫైలుకి పంపండి). రోజుకో ఫైలు మేలు.
7. తప్పు లైను వస్తే దాన్ని కూడా విడి ఫైలులో ఉన్నదున్నట్టు రాసుకోండి. లోపం వెతికేటప్పుడు అదే దారి చూపిస్తుంది.
8. సీరియల్ ఎక్సెప్షన్ వస్తే పోర్ట్ మూసి, 5 సెకన్లు ఆగి, 1 నుంచి మళ్లీ మొదలుపెట్టండి.

ఎనిమిదో మెట్టు రాయనివాళ్లకే "రెండు గంటల తర్వాత ఆగిపోయింది" సమస్య. కేబుల్ ఒక్క క్షణం కదిలినా పోర్ట్ పోతుంది, ప్రోగ్రామ్ దాన్ని మళ్లీ పట్టుకోవాలి.

లినక్స్‌లో మళ్లీ తగిలించినప్పుడు యూఎస్‌బీ0 కాస్తా యూఎస్‌బీ1 కావచ్చు. డివైస్‌ల ఫోల్డర్‌లో సీరియల్, దాని కింద బై-ఐడీ అని ఉంటుంది, అందులోని పేరు వాడితే మారదు. ఒకేరకం సీహెచ్340 క్లోన్లు రెండుంటే మాత్రం ఆ పేరు రెంటికీ ఒకటే అవుతుంది. అప్పుడు బై-పాత్ వాడండి.

రీడింగ్‌లు చూపే కిటికీ (విండో), గ్రాఫ్ కావాలంటే పోర్ట్‌తో మాట్లాడే పని విడిగా నడిచే ఒకే పని వరుసకి, అంటే ఒకే థ్రెడ్‌కి ఇచ్చి, అది క్యూలో వేసిన రీడింగ్‌ల్ని కిటికీ తీసుకునేలా చేయండి. రెండు థ్రెడ్లు ఒకే పోర్ట్‌లో రాస్తే జవాబులు కలగాపులగం అవుతాయి.

## 10. గుడ్లు పెట్టే ముందు చెడగొట్టి చూడండి

ఖాళీ పెట్టెతో ఒక రోజంతా నడపండి. నడుస్తుండగానే ఒక్కొక్కటీ చేయండి:

☐ యూఎస్‌బీ పీకి పెట్టాను: బల్బు నియంత్రణ ఆగలేదు, రికార్డు తిరిగి మొదలైంది
☐ సెన్సర్ తీగ పీకాను: కొద్ది సెకన్లలో బల్బు ఆరింది
☐ పైథాన్ ప్రోగ్రామ్ బలవంతంగా మూసి తెరిచాను: బోర్డు రీసెట్ అయింది, లక్ష్యం మారలేదు
☐ మెయిన్ కరెంటు తీసి ఇచ్చాను: బోర్డు తనంతట తానే 37.5 కోసం పని మొదలుపెట్టింది
☐ లక్ష్యం 90 అని పంపాను: బోర్డు ఒప్పుకోలేదు
☐ ల్యాప్‌టాప్ స్లీప్ ఆపాను, యూఎస్‌బీ పవర్ సేవింగ్ తీసేశాను
☐ నా పర్యవేక్షణలో, రిలే అతుక్కున్నట్టు బల్బును ఆన్‌లోనే ఉంచాను: థర్మోస్టాట్ తెంచింది

## 11. లక్షణం చూసి కారణం పట్టుకోవడం

పోర్ట్ బిజీ, యాక్సెస్ డినైడ్. సీరియల్ మానిటర్ తెరిచి ఉంది. పోర్ట్‌ను ఒకేసారి ఒక ప్రోగ్రామే వాడగలదు.

అర్థంకాని గుర్తులు వస్తున్నాయి. రెండు వైపులా బాడ్ వేగం ఒకటి కాదు.

రిలే మారినప్పుడల్లా వరుస సంఖ్య 1కి వస్తోంది. బోర్డుకి కరెంటు చాలడం లేదు. యూఎస్‌బీ హబ్ తీసేసి, అడాప్టర్ పెట్టండి.

ఫ్యానో మోటారో ఆగినప్పుడు యూఎస్‌బీ తెగిపోతోంది. కాయిల్ ఉన్న లోడు స్విచ్ అయినప్పుడు వచ్చే స్పైక్ ఇది. రిలే కాంటాక్టుల మీద 100 ఓమ్, 0.1 మైక్రోఫారడ్ స్నబ్బర్ (వరుసగా కలిపిన రెసిస్టర్, కెపాసిటర్ జత) పెట్టండి. కెపాసిటర్ 275 వోల్టుల ఏసీకి పనికొచ్చే ఎక్స్2 రకమే అయి ఉండాలి. కేబుళ్లను ఇంకా దూరం జరపండి.

అప్పుడప్పుడు మైనస్ 127. బ్రెడ్‌బోర్డులో వదులు కనెక్షన్. సోల్డర్ చేసి ష్రింక్ ట్యూబ్ తొడగండి. తీగ చాలా పొడవైతే 4.7 బదులు 2.2 కిలో ఓమ్ పెట్టి చూడండి.

పోర్ట్ తెరిచినప్పుడల్లా రీసెట్ కావడం ఇబ్బందిగా ఉంది. రీసెట్ పిన్‌కీ గ్రౌండ్‌కీ మధ్య 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెడితే ఆగుతుంది. పాజిటివ్ కాలు రీసెట్ వైపు ఉండాలి. కొత్త ప్రోగ్రామ్ ఎక్కించేటప్పుడు దాన్ని తీసేయండి.

రీడింగ్ బాగానే ఉంది, పెట్టెలో ఒక మూల చల్లగా ఉంది. ఇది ప్రోగ్రామ్ లోపం కాదు. ఫ్యాను గాలి అన్ని మూలలకూ తిరిగేలా మార్చి, సెన్సర్ మొనను గుడ్ల ఎత్తులో, బల్బు వేడి నేరుగా తగలని చోట కట్టండి.